మూడు రంగులతో నెదర్లాండ్స్

కుటుంబంతో కలిసి వెళ్ళే ప్రయాణంలో బొమ్మలు వేయాలంటే సామాను తక్కువ ఉండాలి. కూర్చునే టైమ్ ఇంకా తక్కువ దొరుకుతుందని ముందే ఒప్పుకోవాలి. అందుకే నెదర్లాండ్స్ వెళ్తూ చేతిసంచీలో మూడే రంగులు పెట్టుకున్నాను: అల్ట్రామెరీన్ నీలం, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు. నీలంలో సియెన్నా కలుపుతూ పోతే దాదాపు నలుపు దాకా ఎన్ని బూడిద రంగులైనా వస్తాయి. మబ్బు పట్టిన ఆకాశం, తడిసిన ఇటుక, కాలువ నీళ్ళు అన్నీ వాటితోనే అయిపోతాయి. నీలంలో ఓకర్ కలిపితే కాస్త మాసిన ఆకుపచ్చ. సిసలైన ఎరుపు మాత్రం ఎంత తంటాలు పడ్డా రాదు.

"ఏప్రిల్లో ట్యులిప్స్ చూడ్డానికి పోతూ ఎరుపు లేకుండానా అమ్మా?" అంది మా అమ్మాయి. దానికి పదకొండేళ్ళు. నియమం నేను పెట్టుకున్నదే అయినా దాన్ని కాపలా కాసే ఉద్యోగం తనది.

పుస్తకం నేనే కట్టుకున్నాను. మందపాటి వాటర్ కలర్ కాగితాన్ని పొడుగ్గా అతికించి, ముందుకీ వెనక్కీ మడతలు పెట్టి, రెండు అట్టల మధ్య బిగించాను. ముందు వైపు ఊళ్ళు, వెనక వైపు మనుషులు. అత్తయ్య సంచీలో క్రోషే సూదీ దారం, మా అబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మా ఆయన ఫోన్లో రైళ్ళ టైమింగులు. ఎవరి సరంజామా వాళ్ళది.

శనివారం, హార్లెమ్

బస హార్లెమ్‌లో తీసుకున్నాం. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. అద్దెలో మాత్రం తేడా బాగా ఉంది. అక్కడ స్టేషన్లో బ్యాంకు కార్డే టికెట్టు. ఎక్కేముందు గేటుకి తాకించాలి, దిగాక మరిచిపోకుండా మళ్ళీ తాకించాలి. మనిషికో కార్డు ఉండాలి కాబట్టి పర్సుల్లో అడుగున పడి ఉన్నవన్నీ బయటికొచ్చాయి. ఎవరిది ఏ కార్డో మా ఆయన ఒకటికి రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు.

సామాను గదిలో పడేసి గ్రోటె మార్క్ట్ చౌరస్తాకి నడిచాం. చౌరస్తాకి ఒక పక్కన సెయింట్ బావో చర్చి. చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్‌ని పూడ్చింది అందులోనే. అది చూద్దామని నేను వెళ్తే మావాడు ఆర్గన్ దగ్గర, అంటే గాలి గొట్టాలతో మోగే పెద్ద కీబోర్డు వాద్యం దగ్గర ఆగిపోయాడు. క్రిస్టియన్ ముల్లర్ 1738లో పూర్తిచేసిన ఆర్గన్ అది, ఐదువేలకి పైగా గొట్టాలు. 1766లో పదేళ్ళ మొజార్ట్ వచ్చి వాయించింది దీన్నే. మావాడు కీబోర్డు నేర్చుకుంటున్నాడు. ఇయర్‌ఫోన్లు వాడంతట వాడే తీసేశాడంటే అదొక విశేషమే.

బయట ఇళ్ళ ముఖాలు గీశాను. పై అంచు మెట్లుమెట్లుగా ఉంటుంది, నెత్తిన ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి దానికి కొక్కెం ఉంటుంది. లోపలి మెట్లు మరీ ఇరుకు కాబట్టి బీరువాలూ మంచాలూ తాడు కట్టి కిటికీలోంచి లాగుతారు. గీత బాగానే నడిచింది. రంగు వేశాకే కష్టం మొదలైంది. ఆ చలిలో, ఆ తేమలో వాటర్ కలర్ ఆరదు. మడతల పుస్తకం కాబట్టి మూస్తే ఎదుటి పేజీకి అంటుకుంటుంది. బట్టల క్లిప్పులతో విడదీసి పట్టుకుని, సగం విప్పిన పుస్తకంతోనే ఊరంతా తిరిగాను.

ఆదివారం, రైక్స్‌మ్యూజియం

ఆమ్‌స్టర్‌డామ్‌లోని జాతీయ మ్యూజియం ఇది. పియెర్ కైపర్స్ డిజైన్ చేసిన ఈ భవనం 1885లో తెరిచారు. దాని పొట్టలోంచి ఒక దారి వెళ్తుంది, అందులో సైకిళ్ళు పోతూ ఉంటాయి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్టు లేదు. లోపల పెన్సిల్‌తో గీసుకోవచ్చు, తడి రంగులు తీయకూడదు. నాలాంటి వాళ్ళు నేల మీద కూర్చుని గీసుకుంటున్నా ఎవరూ వింతగా చూడరు.

రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్' ముందు ఎప్పుడూ జనమే. పెద్ద గాజు గది కట్టి, అందులోనే దాన్ని పరిశీలించి బాగుచేసే పని 2019 నుంచి నడుస్తోంది. పేరులో రాత్రి ఉంది కానీ అసలు అది పగటి బొమ్మే. పైన పూసిన వార్నిష్ నల్లబడి ఆ పేరు వచ్చింది. 1715లో దీన్ని టౌన్ హాల్‌కి మార్చినప్పుడు గోడకి పట్టలేదని నాలుగు వైపులా కోసేశారట. ఎడమ పక్కన నిలబడ్డ మనుషులే పోయారు. మా ఆయన ఈ సంగతి దగ్గర ఆగిపోయారు. "గోడ కొలుచుకోకుండా బొమ్మని కోస్తారా ఎవరైనా?" అని భోజనం దాకా అదే మాట.

నాకు మాత్రం ఆ హాలుకి కాస్త ఇవతల, వెర్మీర్ వేసిన పాలు పోసే పనిమనిషి బొమ్మ దగ్గర కాళ్ళు కదల్లేదు. ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41. ఇన్నేళ్ళూ పుస్తకాల్లో, స్క్రీన్ మీద చూసి పెద్దదనుకున్న బొమ్మ, మా ఇంట్లో కేలండరంత ఉంది. రొట్టె మీద వెలుగు చుక్కలు చుక్కలుగా పెట్టాడు. తెల్లగోడలో మేకు ఒకటి, మేకు పీకిన చిల్లులు కొన్ని. "ఆ చిల్లులు వేయకపోతే ఎవరడుగుతారు?" అంది మా అమ్మాయి. నిజమే, ఎవరూ అడగరు. వేయదలచిన వాటిని వేసి మళ్ళీ చెరిపేసిన సంగతులూ ఉన్నాయి. 2022లో బయటపెట్టిన పరిశోధనలో ఆ రంగు కింద కూజాలు తగిలించే చట్రం, నిప్పుల బుట్ట కనబడ్డాయి. వాటిని కప్పేసి గోడని ఖాళీగా వదిలేశాడు.

ఆమె నీలి ఏప్రన్ అల్ట్రామెరీన్. నా డబ్బాలో ఉన్నదానికీ అదే పేరు. అప్పట్లో అది అఫ్ఘనిస్తాన్ గనుల్లోని లాపిస్ లాజులి రాయిని నూరి తీసేవారు, బంగారంతో పోల్చే ఖరీదు. 1820లలో ఫ్రాన్స్‌లో జాన్ బాప్టిస్ట్ గిమే కృత్రిమంగా తయారు చేయడం కనిపెట్టాకే నాలాంటి సెలవు రోజు చిత్రకారులకి చవగ్గా అందింది. వంటింటి పనిమనిషి ఏప్రన్‌కి ఆ కాలంలో ఆ రంగు వాడటం ఎంత దుబారా పనో, రంగులు కొనుక్కునే వాళ్ళకే అర్థమవుతుంది.

సోమవారం, జాన్సె స్ఖాన్స్

ఈ ప్రయాణంలో నేను పట్టుబట్టి పెట్టించిన రోజు ఇదొక్కటే. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన జాన్ నది ఒడ్డున పాత గాలిమరలు, ఆకుపచ్చ చెక్క ఇళ్ళు తెచ్చి నిలబెట్టిన ఊరు. రైలు దిగి నడుస్తుంటే గాలంతా కోకో వాసన, దగ్గర్లోనే కోకో ఫ్యాక్టరీలున్నాయి. 18వ శతాబ్దంలో ఈ నది పొడుగునా ఆరు వందలకి పైగా మరలు తిరిగేవట. కొన్ని కలప కోసేవి, కొన్ని నూనె ఆడేవి, కొన్ని కాగితం గుజ్జు దంచేవి. 1871లో క్లాడ్ మొనే జాన్‌డామ్‌లో కొన్ని నెలలు ఉండి ఇరవై ఐదు దాకా పెయింటింగులు వేశాడు. వాటిలో ఈ మరలు కనబడతాయి.

నాకు కావలసింది 'డె కాట్', అంటే పిల్లి అని పేరున్న మర. గాలితో తిరుగుతూ ఇప్పటికీ రంగులు నూరుతున్న మర ప్రపంచంలో ఇదొక్కటే. ఇప్పుడున్న రూపం 1960లో వచ్చింది, పాత మొదలు మీద మరో పాత మర పైభాగాన్ని తెచ్చి కూర్చోబెట్టారు.

లోపలికి అడుగు పెట్టగానే మొదట తెలిసేది చప్పుడు. పైన రెక్కలు తిరుగుతుంటే చెక్క పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఆ బలాన్ని కిందికి దింపుతాయి. నేల వణుకుతుంది. మధ్యలో గుండ్రటి రాతి వేదిక, దాని మీద నిలువుగా నిలబెట్టిన రెండు పెద్ద రాతి చక్రాలు దొర్లుతూ దొర్లుతూ ముద్దలని నలగ్గొడుతుంటాయి. అత్తయ్య రెండు నిమిషాలు చూసి, "ఇది సున్నం గానుగ కదమ్మా" అన్నారు. సరిగ్గా అదే. ఎద్దు చోట గాలి, సున్నం చోట రంగు రాయి. ఆ మాట వినేదాకా నేను ఆ యంత్రాన్ని గీయడానికి తంటాలు పడుతున్నాను. ఆ తర్వాత ఏ భాగం ఎందుకుందో తెలిసింది, గీత దారిలో పడింది.

నిచ్చెనలా నిటారుగా ఉన్న మెట్లెక్కితే చుట్టూ చెక్క వరండా. రెక్కలు అక్కడ మన ముక్కు ముందు నుంచే దూసుకుపోతాయి, తాళ్ళు కట్టిన హద్దు దాటకూడదు. గాలి ఎటు వీస్తే అటు మర తలని తిప్పుతారు, దానికి వెనక పెద్ద చక్రం ఉంటుంది. గాలి పెరిగితే రెక్కల మీది గుడ్డ చుట్టేస్తారు. గాలి లేని రోజు పని లేదు. మా ఆయన అక్కడి మనిషిని పట్టుకుని పళ్ళ చక్రాలకి ఏ చెక్క వాడతారు, వాటికి రాసే కొవ్వు ఏమిటి, ఎన్నాళ్ళకి అరుగుతాయి అని అడుగుతూనే ఉన్నారు. నా హాబీకి ఆయన ఇంత టైమ్ ఇవ్వడం నాకు తెలిసి ఎప్పుడూ లేదు. నేను నోరెత్తకుండా గీసుకున్నాను.

ఇంట్లో ట్యూబు మూత తీసి పిండుకునేటప్పుడు రంగంటే రంగే. ఇక్కడ చూస్తే అది బస్తాల్లో వచ్చే రాయి, మట్టి, చెక్క. బ్రెజిల్ చెట్టు మొద్దులని చిన్నచిన్న పేళ్ళుగా చేసి ఎరుపు తీసేవాళ్ళు. ఒకప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ గట్టి మొద్దులని చేత్తో తురిమే పని జైలు ఖైదీలకి అప్పగించారు. ఆ జైలు పేరే రాస్ప్‌హౌస్, తురిమే ఇల్లు.

కింద చిన్న దుకాణంలో పొడి రంగులు తూచి అమ్ముతారు. ఎర్ర మట్టి రంగు ఒక పొట్లం తీసుకున్నాను.

"ఇది నాలుగో రంగు" అంది మా అమ్మాయి వెంటనే.

"జిగురు కలపని పొడి రంగు కిందికి రాదు. సామాను."

కాసేపు ఆలోచించి వదిలేసింది. కానీ పొట్లం తన బ్యాగులోనే పెట్టుకుంది, నా మీద నమ్మకం లేక.

మంగళవారం, డెల్ఫ్ట్

టైలు మీద బొమ్మ వేయించే ఒక వర్క్‌షాపులో ముందే సీట్లు తీసుకున్నాం, నేనూ అమ్మాయీ. మిగిలిన ముగ్గురూ ఊరు చూడ్డానికి వెళ్ళారు.

డెల్ఫ్ట్ నీలం పింగాణీ కథ చైనా నుంచి మొదలవుతుంది. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడల్లో చైనా పింగాణీ దిగేది. 17వ శతాబ్దం మధ్యలో మింగ్ రాజ్యం కూలి, సరుకు రావడం తగ్గింది. గిరాకీ మాత్రం అలాగే ఉంది. అదే సమయంలో డెల్ఫ్ట్‌లో బీరు తయారీ దెబ్బతిని భవనాలు ఖాళీ అయ్యాయి. కుమ్మరులు వాటిలో చేరారు, కొందరు పాత బీరు బట్టీల పేర్లే ఉంచేసుకున్నారు. మనం ఈరోజు అచ్చమైన డచ్ వస్తువనుకునేది అలా దొరకని చైనా సరుకుకి బదులుగా పుట్టింది.

పాత టైలు 13 సెంటీమీటర్ల చదరం. మధ్యలో చిన్న బొమ్మ, పడవో, బొంగరం ఆడే పిల్లాడో. నాలుగు మూలల్లో చిన్న నగిషీ. ఆ మూల నగిషీల్లో ఒకదాన్ని ఎద్దు తల అంటారు. నాలుగు టైళ్ళు కలిసిన చోట ఆ నాలుగు మూలలూ కలిసి ఒక పువ్వులా అవుతాయి. అంటే ఒక్క టైలు వేసే మనిషి కూడా గోడంతా మనసులో పెట్టుకునే వేయాలి.

పని విధానం ఇది. గీసిన కాగితం మీద గీతల వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. దాన్ని టైలు మీద పెట్టి, బొగ్గు పొడి నింపిన గుడ్డ మూటతో అద్దితే చుక్కల బొమ్మ దిగుతుంది. దాని మీద బ్రష్‌తో గీయాలి. ఇప్పుడు వాడే రంగు కోబాల్ట్ ఆక్సైడ్, చూడ్డానికి నల్లగా ఉంటుంది. బట్టీలో కాలాకే నీలం. లేత నీలం కావాలంటే నీళ్ళు ఎక్కువ కలపాలి, కానీ ఎంత లేతగా వస్తుందో వేసేటప్పుడు కంటికి తెలియదు, నల్లటి నీళ్ళే కనబడతాయి. పైగా ఒకసారి కాల్చిన ఆ మట్టి బ్రష్ తాకగానే తడిని లాగేసుకుంటుంది. చెరపడం, తుడవడం ఉండవు. ఆగితే ఆగిన చోట మచ్చ.

కాగితం మీద వాటర్ కలర్ వేసేటప్పుడు నీళ్ళు మనకి కాస్త టైమ్ ఇస్తాయి. ఇక్కడ ఇవ్వవు. చేయి నింపాదిగా, ఆగకుండా కదలాలి. నేను పెద్ద మనిషిలా డె కాట్ మరని ఎంచుకుని, రెక్కల జాలీ దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మా అమ్మాయి క్రోషే అల్లుతున్న నానమ్మని ఐదు గీతల్లో వేసేసి, మిగిలిన టైమంతా మూలల్లో ఎద్దు తలకి బదులు నాలుగు దారపు ఉండలు పెట్టింది. నలుగురూ వచ్చి చూసింది దానిదే. కాల్చి, పోస్టులో పంపుతామన్నారు.

మధ్యాహ్నం అందరం కలిసి ఔడె కెర్క్, పాత చర్చికి వెళ్ళాం. దాని గోపురం కంటికి తెలిసేంత పక్కకి వాలి ఉంటుంది. వెర్మీర్ 1632లో ఈ ఊళ్ళోనే పుట్టి, 1675లో ఇక్కడే పోయాడు, ఈ చర్చిలోనే పూడ్చారు. పోయేనాటికి అప్పులే మిగిలాయి. రొట్టెల కొట్టు బాకీ ఆరు వందల గిల్డర్లు (అప్పటి డచ్ డబ్బు) దాటితే, భార్య రెండు పెయింటింగులు ఇచ్చి సర్దింది. ఇంట్లో పదకొండు మంది పిల్లలు. మొన్న చూసిన ఏప్రన్ నీలం గుర్తొచ్చి నేను ఆయన తరఫున వాదించబోతే, అత్తయ్య వినలేదు. "రొట్టె కొట్టు బాకీ పెట్టి నీలం కొన్నాడా!" అన్నారు. ఆ ఇల్లాలి పక్షాన నిలబడ్డారు, అంతే.

మా ఆయన మ్యూజియంలో చూసిన వెర్మీర్ 'చిన్న వీధి' బొమ్మ అసలు చోటు చూడాలన్నారు. ఆయనకి నచ్చింది బొమ్మ కన్నా అది కనిపెట్టిన తీరు. 1667 నాటి డెల్ఫ్ట్ పన్నుల పుస్తకంలో కాలువ పక్కన ప్రతి ఇంటి వెడల్పు, సందుల వెడల్పు రాసి ఉంది. ఆ కొలతలు పట్టుకుని ఒక చరిత్రకారుడు 2015లో అది ఫ్లామింగ్‌స్ట్రాట్‌లో 40, 42 నంబర్ల దగ్గరని తేల్చాడు. వెళ్ళి చూస్తే ఆ ఇళ్ళు ఎప్పుడో పోయాయి. సందు మాత్రం ఉంది. ఆయన దాన్ని అడుగులతో కొలిచారు కూడా.

బుధవారం, హేగ్

పొద్దున్నే మౌరిట్స్‌హౌస్ మ్యూజియం. వెర్మీర్ వేసిన 'ముత్యపు దుద్దుల అమ్మాయి' ముందు నిలబడితే చుట్టూ ఫోన్లే. 1881లో హేగ్ వేలంలో దీన్ని రెండు గిల్డర్ల ముప్పై సెంట్లకి కొన్నారు, మట్టికొట్టుకుపోయి ఉండేది. ఆ కొన్నాయనే 1902లో చనిపోతూ మ్యూజియానికి రాసిచ్చాడు. 2018లో బొమ్మని గోడ మీద నుంచి దింపి రకరకాల స్కానింగులు చేశారు. ఇప్పుడు నల్లగా ఉన్న ఆ వెనక భాగం ఒకప్పుడు ఆకుపచ్చ తెరట. నీలిమందు, వెల్డ్ అనే మొక్క నుంచి తీసిన పసుపు కలిపి పల్చగా పూసిన ఆకుపచ్చ అది, కాలంతో మాసిపోయింది. తలగుడ్డలోని అల్ట్రామెరీన్ రాయి నుంచి వచ్చింది కాబట్టి నిలబడింది. మొక్కల రంగులకి అంత ఆయుష్షు లేదు. చెవి ముత్యానికి కొక్కెం లేదు, రెండు మూడు తెల్ల చుక్కలే. మా అబ్బాయి అది చూసి "చీటింగ్" అన్నాడు, మెచ్చుకోలుగానే.

నాకు అక్కడ ఎక్కువ నచ్చింది ఫాబ్రిషియస్ 1654లో వేసిన చిన్న పిట్ట బొమ్మ. గొలుసు కట్టిన గోల్డ్‌ఫించ్. రెక్క మీది పసుపు గీత ఒక్క బ్రష్ దెబ్బ. అదే ఏడాది అక్టోబర్లో డెల్ఫ్ట్‌లో మందుగుండు గిడ్డంగి పేలి ఆయన చనిపోయాడు.

మధ్యాహ్నం పనోరమా మెస్డాగ్. దీని గురించి పెద్దగా తెలియకుండా వెళ్ళాం, వానకి తలదాచుకోవడానికన్నట్టు. చీకటి దారిలోంచి మెలికల మెట్లెక్కి పైకి రాగానే ఇసుక దిబ్బ మీద తేలతాం. చుట్టూ స్ఖెవెనింగెన్ సముద్రతీరం, పడవలు, ఊరు, ఆకాశం. అంతా ఒకే కాన్వాస్. ఎత్తు 14 మీటర్ల పైన, చుట్టుకొలత సుమారు 120 మీటర్లు. 1881లో హెండ్రిక్ విలెమ్ మెస్డాగ్, ఆయన భార్య సింట్యె, ఇంకొందరు స్నేహితులు కలిసి వేశారు. మొదట దిబ్బ మీద గాజు సిలిండర్ పెట్టి, లోపల నిలబడి, గాజు మీదే చుట్టూ కనబడేది గీసుకుని, తర్వాత దాన్ని కాన్వాస్ మీదికి పెద్దది చేశారు. వెలుగు పైనున్న గాజు కప్పు నుంచి వస్తుంది. బయట మబ్బు కదిలితే బొమ్మలో సముద్రం రంగు మారుతుంది. ఇసుకలో నిజం పాత వల, పాత కుర్చీ పడేసి ఉంటాయి కాబట్టి బొమ్మ ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు.

తీరంలో తెల్ల గొడుగు కింద కూర్చుని బొమ్మ వేసుకుంటున్న ఆడమనిషి ఉంది. అదే సింట్యె. అమ్మాయే వెతికి పట్టుకుంది. మేం వెళ్ళిన చోట్లన్నిటిలో, మా ఐదుగురికీ ఒకేలా నచ్చింది ఇదొక్కటే. గీయడానికి పుస్తకం విప్పాను కానీ గీయలేదు, వాళ్ళు చూస్తుంటే వాళ్ళనే వెనక వైపు పేజీల్లో వేసుకున్నాను. అత్తయ్యకి కాళ్ళ నొప్పులు గుర్తు రాని గంట అది.

గురువారం, మళ్ళీ ఆమ్‌స్టర్‌డామ్

వాన్ గో మ్యూజియానికి ఏ గంటకి వెళ్తామో ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.  

ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్ళో తన పడకగదిని వేసిన బొమ్మలో గోడలు నీలంగా ఉంటాయి. ఆయన ఉత్తరంలో రాసుకున్నది లేత ఊదా అని. కలిపిన ఎరుపు వెలుగుకి ఎగిరిపోయి నీలం ఒక్కటే మిగిలింది. ఎరుపు నా డబ్బాలో లేదని నేను బాధపడుతుంటే, ఉన్నవాళ్ళకీ నిలవలేదన్నమాట.

అత్తయ్యని ఆపేసిన వస్తువు బొమ్మ కాదు. వాన్ గో దగ్గరుండిన ఎర్ర లక్క పెట్టె, అందులో ఊలు ఉండలు. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే ఎలా మండుతుందో చూసుకోవడానికి రెండు మూడు రంగుల పోగులు కలిపి చుట్టి పెట్టుకునేవాడు. పసుపుతో ఊదా, నీలంతో నారింజ. బ్రష్ ముంచకముందే చవకైన ప్రయోగం. ఆయన ఇరవై ఏడో ఏట మొదలుపెట్టిన మనిషి, దగ్గర డబ్బుల్లేవు, ఇలాంటి ఉపాయాలే ఆధారం. అత్తయ్య అద్దానికి దగ్గరగా వంగి, "ఇది నేను నలభై ఏళ్ళుగా చేస్తున్నదే. ఎవరూ మ్యూజియంలో పెట్టలేదు" అన్నారు. సాయంత్రం ఊలు కొట్టు వెతికి నీలం, నారింజ ఉండలు కొనిచ్చాం.

బాదం పూల కొమ్మల బొమ్మ 1890లో తమ్ముడు తెయోకి పుట్టిన కొడుకు కోసం వేసింది. బాబుకి పెదనాన్న పేరే పెట్టారు. అదే ఏడాది వాన్ గో, ఆరు నెలలకి తెయో పోయారు. ఉత్తరాలనీ బొమ్మలనీ కాపాడి లోకానికి చూపించింది తెయో భార్య యోహన్నా. ఆ బాబు పెద్దయి ఇంజనీరై, ఈ సొత్తునంతా ఒక ఫౌండేషన్‌కి అప్పగించి, 1973లో ఈ మ్యూజియం తెరిచే రోజుదాకా ఉన్నాడు. ఇదంతా నేను చెప్తుంటే అత్తయ్య యోహన్నా దగ్గరే ఆగారు. "చంటిపిల్లాడితో అన్నేసి బొమ్మలు ఎక్కడ దాచుకుందో పాపం" అన్నారు.

శుక్రవారం, కోకెన్‌హాఫ్

హార్లెమ్ నుంచి లైడెన్ వెళ్ళే రైలు కిటికీలోంచే పూల పొలాలు పట్టీలు పట్టీలుగా కనబడతాయి. నిజానికి నాకు కోకెన్‌హాఫ్ పూలతోట కన్నా ఆ కిటికీయే నచ్చింది. లైడెన్‌లో దిగి బస్సు. తోట 1950 నుంచి ఏటా వసంతంలో ఎనిమిది వారాలు తెరుస్తారు, దాదాపు డెబ్భై లక్షల దుంపలు చేత్తో నాటుతారు. అందం సంగతి వేరే చెప్పాలా. జనం సంగతీ అంతే.

పొలాల్లో రైతులు విరబూసిన తలలని యంత్రంతో కోసి పారేస్తారు, బలం పూవుకి పోకుండా దుంపకి చేరాలని. వాళ్ళ పంట పూవు కాదు, దుంప. పక్కన రాలిన రంగుల గుట్టలు చూసి మా ఆయనకి మళ్ళీ 'నైట్ వాచ్' గుర్తొచ్చింది.

బొమ్మకి కూర్చుంటే ఎదురుగా నిప్పులాంటి ఎరుపు. నా ఓకర్ గానీ, సియెన్నా గానీ, ఏదీ దగ్గరికి కూడా రాదు. పూల మడులని వట్టి తెల్ల కాగితంగా వదిలేసి, చుట్టూ చెట్లు, నీళ్ళు, గొడుగులు, సెల్ఫీలు తీసుకునే వాళ్ళని వేశాను. పొట్లంలోని ఎర్ర పొడి అమ్మాయి బ్యాగులో రెండడుగుల దూరంలోనే ఉంది.

మళ్ళీ శనివారం, క్రోలర్-ముల్లర్

రైలు మారి, బస్సు మారి, రెండు గంటల పైన ప్రయాణం. హోఖె వేలువె నేషనల్ పార్కు మధ్యలో మ్యూజియం. పార్కు టికెట్టుతో తెల్ల సైకిళ్ళు ఉచితం, తాళం కూడా ఉండదు, ఎక్కడ వదిలేసినా ఇంకొకరు ఎక్కుతారు. వాటికి చేతి బ్రేకు లేదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతాయి. మా అబ్బాయికి అది పది నిమిషాల్లో అలవాటైంది. మా ఆయన ప్రతి మలుపులో "బ్రేకేదీ" అంటూనే ఉన్నారు. అత్తయ్యా నేనూ బస్సులో వెళ్ళాం.

హెలెన్ క్రోలర్-ముల్లర్ తన సేకరణని 1935లో ప్రభుత్వానికి ఇచ్చేసింది, 1938లో మ్యూజియం తెరిచారు. వాన్ గో పెయింటింగులే తొంభైకి దగ్గరగా ఉన్నాయి. 1888 నాటి 'రాత్రివేళ కేఫ్ టెర్రస్' బొమ్మ ముందు బెంచీ ఖాళీగా దొరికింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇది ఊహించలేం. నీలి ఆకాశం, పసుపు వెలుగు, నలుపు జోలికి పోని రాత్రి. నా డబ్బాతో దీన్ని వేయొచ్చేమోనని మొదటిసారి ఆశ పుట్టింది. నీలం సరిపోయింది. ఆ పసుపుకి మాత్రం నా ఓకర్ అందలేదు, గోధుమరంగు కేఫ్ తయారైంది. అయినా ఉంచేశాను, మొత్తం పుస్తకంలో నేను గంట సేపు కుదురుగా కూర్చుని వేసిన పేజీ అదే.

బయట శిల్పాల తోటలో ఫ్రెంచ్ కళాకారుడు ద్యుబుఫే కట్టిన తెల్లటి గుట్ట ఉంది, 'జార్దెన్ దెమాయ్', అంటే ఎనామెల్ తోట. మెట్లెక్కి పైకి వెళ్తే చుట్టూ తెల్ల నేల, దాని మీద వంకర టింకర నల్ల గీతలు, రంగే లేదు. పిల్లలు బూట్లు తీసేసి పరిగెత్తుతున్నారు. మా అమ్మాయి నా పుస్తకం లాక్కుని వెనక వైపు చివరి మడతలో దాన్ని బాల్‌పెన్నుతో వేసింది. నేనడగకుండా, నా నియమం కూడా అడక్కుండా.

రాత్రి సూట్‌కేసు సర్దుతూ ఎర్ర మట్టి పొట్లాన్ని రెండు కవర్లలో చుట్టి, బిల్లుతో సహా పెట్టాను. ఇంటికి చేరాక గమ్ అరబిక్ (తుమ్మ బంక లాంటి జిగురు) నీళ్ళలో నానబెట్టాలి, నాలుగు చుక్కల తేనె కలపాలి, గాజు పలక మీద పొడిని అందులో నూరాలి. కొత్త పని అది, ఎన్నిసార్లకి కుదురుతుందో. కుదిరాక కోకెన్‌హాఫ్ పేజీలో వదిలేసిన తెల్ల మడులు నింపమని అత్తయ్య. మట్టి ఎరుపు ట్యులిప్ ఎరుపు కాదు, పైగా ప్రయాణం అయిపోయింది కాబట్టి వేస్తే లెక్కకి రాదని అమ్మాయి. మా ఆయన్ని అడిగితే ముందు పొడి కస్టమ్స్ దాటనీ అన్నారు.